గిన్నె ఎక్కడ పెట్టారు?

1998 ఉగాది సాయంత్రం మహారాష్ట్రలోని బల్లార్షాలో తెలుగువాళ్లం కవి సమ్మేళనం పెట్టుకున్నాం. మరాఠీ ఇళ్ల ముందు పండుగకు కర్రలకు కట్టి ఎత్తిన గుఢీలు ఇంకా దించలేదు. ఒక బడి ఆవరణలో షామియానా వేశారు. బొగ్గు గనులవాళ్లు, కాగితపు మిల్లువాళ్లు, రైల్వేవాళ్లు కుటుంబాలతో వచ్చారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నలుగురి ముందు కవిత చదవడం అదే మొదలు. అవినీతి మీద రాశాను. అది దేశానికి పట్టిన కుష్ఠు అన్నాను. వేళ్లు రాలిపోయిన ఆ చేతులు బిచ్చమెత్తవు, పాలిస్తాయి అన్నాను. ఆ పాదం దగ్గర చప్పట్లు ఎక్కువ మోగాయి. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను.

మూడో వరుస చివర మా మేనత్త కూర్చుని ఉంది. రెండు చేతులూ కొంగు కింద.

ఆమె నాన్నకు ఒక్కతే చెల్లెలు. మా తాతవాళ్లది సిరిసిల్ల వైపు. పద్మశాలీలు. మగ్గం కూడు పెట్టక బొగ్గుబావుల దారి పట్టి, వార్ధా నది ఒడ్డున ఈ ఊరికి చేరారు. అత్తకు పెళ్లయిన రెండో ఏడు మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ కనిపించింది. గిల్లితే తెలియని మచ్చ. కొన్నాళ్లకు చిటికెన వేలు వంగింది. అత్తవారింటి నుంచి పుట్టింటికి పంపారు. పుట్టింట్లో ముందు గది నుంచి పెరటి కొట్టంలోకి మార్చారు. అక్కడి నుంచి 1974లో వరోరాకు, కుష్ఠురోగుల ఆశ్రమమైన ఆనందవనానికి. మందులతో జబ్బు ఎప్పుడో నయమైంది. రమ్మన్నవాళ్లు లేక అక్కడే మగ్గం నేస్తూ ఉండిపోయింది. ఆమె పేరు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో "వరోరాలో పని చేస్తుంది" అనేవారు. నాకు తెలిసింది అంతే. నాయనమ్మ పోయాక నాన్న ధైర్యం చేసి, నా కవిత వినడానికని ఆమెను పిలిచాడు. ఇరవై నాలుగేళ్ల తరువాత మా గడప తొక్కింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్త నాతో అన్నది: "గొంతు బాగుంది బిడ్డా. కానీ వేళ్లు రాలవు. కాలినా తెలియదు, తెగినా తెలియదు. పుండ్లు పడి, ఎముక అరిగి పొట్టివవుతాయి. రాలతాయని చూడనివాళ్లు చెబుతారు."

నాన్న తలెత్తలేదు. నేను ఆమె చేతుల వంక అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ కవితను మళ్లీ ఎక్కడా చదవలేదు. కానీ ఆ రోజు మొదలైన ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. అంటురోగం వచ్చిన ఊరికి కవిత్వం ఏం చేస్తుంది? ఇన్నేళ్లు చదివాక, నా చుట్టూ చూశాక, నాకు కలిగిన అభిప్రాయాన్ని మొహమాటం లేకుండా చెబుతాను. వ్యాధిని రాక్షసి అనో, పాపఫలమనో, దేశానికి పట్టిన చీడ అనో కవిత్వం వర్ణించిన ప్రతిసారీ, ఆ వ్యాధి ఉన్న మనిషిని ఇంకో అడుగు వెనక్కి నెట్టింది. రోగి దగ్గరకు వెళ్లి, జరిగినది జరిగినట్టు చెప్పినప్పుడే మేలు చేసింది. ఈ రెండో పని మన కవిత్వం చాలా తక్కువ చేసింది.

ముందు పేర్ల సంగతి. మేము రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి ఇది బాగా తెలుస్తుంది. మశూచికాన్ని తెలుగులో అమ్మవారు అంటాం, మరాఠీలో దేవి అంటారు. కుష్ఠును తెలుగులో పెద్దరోగం అంటాం, మరాఠీలో మహారోగం అంటారు. ఒక జబ్బు రెండు భాషల్లోనూ తల్లి అయింది. ఇంకొకటి రెండు భాషల్లోనూ పేరు పలకడానికే భయపడేంత పెద్దది అయింది. ఎందుకిలా?

మా తమ్ముడికి ఆటలమ్మ పోసినప్పుడు నాయనమ్మ చేసినవన్నీ నాకు గుర్తున్నాయి. గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు వేయనివ్వలేదు. చద్దన్నం, పెరుగు. వాడిని ఎవరూ కసరకూడదు. వాడి ఒంటి మీది పొక్కుల్ని ముత్యాలు అనేది. రాత్రిళ్లు పక్కన కూర్చుని, పసుపు నీళ్లు చిలకరిస్తూ, వచ్చిన దారినే చల్లగా వెళ్లు తల్లీ అని సన్నగా పాడేది. ఆ పది రోజులూ వాడు మా ఇంట్లో దేవుడి పటంతో సమానం. గుమ్మానికి వేపాకు చూసి బయటివాళ్లు లోపలికి రారు. నేడు మనం క్వారంటైన్ అంటున్న పనే అది. కానీ అందులో సిగ్గు లేదు. ముత్యాలమ్మ, పోచమ్మ అనే పేర్లు పెట్టినవాళ్లు, చీము పొక్కును ముత్యం అన్న ఆ మొదటి మనిషి, నా దృష్టిలో గొప్ప కవులు. బిడ్డ ముఖం చూడలేని స్థితిలో ఉన్న తల్లికి ఆ ముఖాన్నే చూసి తీరవలసిన కారణం ఇచ్చారు.

అయితే ఈ పాటలకు రెండో వైపు కూడా ఉంది. దాచడం న్యాయం కాదు. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు నాందేడ్ వైపు నుంచీ, మన ఆదిలాబాద్ వైపు నుంచీ జనం వస్తారు. ఆ జాతరలో పోతరాజులను చూస్తూ పెరిగాను. రంగుల పాత లంగా, కాళ్లకు గజ్జెలు, తన ఒంటినే తాను కొట్టుకునే కొరడా. వెంట డప్పు వాయిస్తూ ఇల్లాలు. మన పోతురాజే అక్కడ పోతరాజ్ అయ్యాడు. ఆయన మోసుకు తిరిగే దేవత మరీఆయి, కలరా తల్లి. ఊళ్లో కలరా తగ్గాలంటే ఆ తల్లిని బండి మీద పెట్టి పొలిమేర దాటించేవారు. మరాఠీలో దాన్ని మరీఆయి గాడా అంటారు. అవతలి ఊరివాళ్లు తమ పొలిమేర దాటించేవారు. అంటే రోగం వెళ్లిపోవాలనే ఆ పాటల్లోనే, పక్క ఊరికి వెళ్లాలనే కోరిక కూడా దాగి ఉంది. తల్లి ఎందుకు ఆగ్రహించిందని అడిగినప్పుడు వేలు ఎవరి ఇంటి వైపు చూపేవారో మాకు తెలియని సంగతి కాదు. ఒంటరి విధవ, ఊరి చివరి ఇల్లు, మాదిగవాడ, గోండు గూడెం. భానామతి, అంటే చేతబడి, చేసిందనే మాట కలరా కంటే ఎక్కువ కాలం బతికింది. మంత్రాల పేరుతో మనుషుల్ని హింసించడాన్ని ఆపడానికి మహారాష్ట్ర 2013లో ప్రత్యేకంగా చట్టం చేసుకోవలసి వచ్చింది. పోతరాజు కొరడా కూడా అంతే. ఊరి భయాన్ని ఒక పేదవాడి వీపు మోసింది.

అయినా ఆ జబ్బులకు ఒక పాట ఉండేది, పిలుపు ఉండేది, సాగనంపడం ఉండేది. కుష్ఠుకు సాగనంపే పాట ఎందుకు లేదు? నేను చాలామంది పెద్దల్ని అడిగాను. అత్తనూ అడిగాను. నాకు తోచిన కారణం ఇది. మశూచికం రెండు మూడు వారాల్లో తేలిపోతుంది. మనిషి పోతాడు, లేదా మచ్చల ముఖంతో లేచి కూర్చుంటాడు. వెళ్లిన రోజు ఒకటి ఉంటుంది కాబట్టి సాగనంపే పాట పుడుతుంది. కుష్ఠు అలా కాదు. క్రిమి ఒంట్లో చేరాక బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. వచ్చిన రోజు తెలియదు, పోయిన రోజు తెలియదు. ఎప్పుడు పాడాలి? పాట లేని చోటును తిట్టు ఆక్రమించింది. నీకు పెద్దరోగం రాను, ఏం మాయరోగం వచ్చింది నీకు. రోజుకు పదిసార్లు వినపడే ఈ మాటల్లో ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తట్టదు.

ఇక్కడ మరాఠీ గోడల మీద కనిపించిన ఒక రాత గుర్తొస్తుంది. 1970లలో మశూచికం రోగిని చూపించినవాళ్లకు ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఇస్తానన్నది. "కళవా" అంటే తెలియజేయండి, "మిళవా" అంటే పొందండి. ఈ రెండు మాటల్నీ అంత్యప్రాసగా కట్టి ఊరూరా గోడల మీద రాశారు. నాన్నకు అది చివరి వరకూ కంఠతా వచ్చు. 1975 మేలో దేశంలో చివరి కేసు నమోదైంది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. టీకా చేసిన పనిని ప్రాసకు అంటగట్టను. కానీ దాచిపెట్టిన రోగిని బయటికి తెచ్చే పనిలో ఆ రెండు పాదాలకు వాటా ఉంది. వెయ్యి రూపాయల ఆశే కావచ్చు, రోగిని చూపించడం అవమానం కాకుండా పోయింది. కుష్ఠుకు అటువంటి పాదం ఒక్కటి దొరికి ఉంటే, మా అత్త మూడేళ్లు పెరటి కొట్టంలో ఉండేది కాదేమో.

ఆ రోజుల్లో కుష్ఠుకు డాప్సోన్ బిళ్లలు ఉండేవి. ఏళ్ల తరబడి మింగాలి. 1980లలో మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్. ఆరు నెలలు, లేదా ఏడాది. మొదలుపెట్టిన కొద్ది రోజులకే మనిషి నుంచి మనిషికి అంటుకునే గుణం పోతుంది. అసలు నూటికి తొంభై మందికి పైగా ఈ క్రిమిని ఒళ్లే తట్టుకుంటుంది. ఇంత నెమ్మదైన, ఇంత బలహీనమైన అంటురోగం అరుదు. అయినా క్లోఫజిమిన్ వేసుకున్నవాళ్ల చర్మం నల్లబడుతుంది. ఆ నలుపు చూసి చుట్టుపక్కలవాళ్లు పసిగట్టేవారని, అందుకే కొందరు ఆ ఒక్క బిళ్లను పారేసేవారని అత్త చెప్పింది. నయం చేసే మందు చాటింపు వేస్తుందని భయపడి పారేయడం. కవిత్వంలో రాయవలసింది ఈ బిళ్ల గురించి. మనం రాసింది కుష్ఠు వ్యవస్థ గురించి.

ఈ కుష్ఠు వ్యవస్థ అనే మాట మన అభ్యుదయ, విప్లవ కవిత్వంలో ఎన్నిసార్లు వచ్చిందో చదివినవాళ్లకు తెలుసు. పేదవాడి పక్షాన నిలబడిన కవులే రాశారు. ఆ కవిత్వాన్ని నేను ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను. అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను. 1898లో బ్రిటిషువాళ్లు కుష్ఠురోగులను పట్టి ఆశ్రమాల్లో పెట్టడానికి చట్టం చేశారు. దాన్ని 2016లో రద్దు చేశారు. భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చనే నిబంధనను 2019లో తీసేశారు. అంత బరువైన చట్టమే తన మాట మార్చుకుంది. కవులం మాత్రం ఇంకా ఆ మాటనే తిట్టుగా వాడుతున్నాం.

ఇదేమీ కొత్త కథ కాదు. ఏడో శతాబ్దంలో హర్షుడి ఆస్థానంలో ఉన్న మయూరుడు కుష్ఠు వచ్చి సూర్యుణ్ణి స్తుతించాడని, స్తుతిలో ఆరో శ్లోకం దగ్గర సూర్యుడు కరుణించాడని ఐతిహ్యం. రథసప్తమినాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసే ఇళ్లలో ఆ కథ చెప్పుకునేవారు. ఆ శ్లోకాన్ని నేను ఒకసారి అత్తకు చదివి వినిపించాను. "శీర్ణఘ్రాణాంఘ్రిపాణీన్" అని మొదలవుతుంది. శిథిలమైన ముక్కు, పాదాలు, చేతులు. అదే పాదంలో "ఘర్ఘరావ్యక్తఘోషాన్". గరగరలాడుతూ అర్థం కాకుండా వచ్చే గొంతు. ఘ మీద ఘ పేర్చి, జబ్బు గొంతులోకి దిగిన మనిషి మాటను చెవికి వినిపించాడు. అత్త ఠక్కున అన్నది: "వీడు చూశాడు." ఆనందవనంలో ముసలివాళ్ల గొంతు అలాగే ఉండేదట. నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటి కంటే ఆ రెండు మాటలే విలువైనవి. రోగం వచ్చినవాడికే, లేదా దగ్గరగా కూర్చున్నవాడికే ఆ శబ్దం తెలుస్తుంది.

కానీ ఆ శ్లోకంలోనే ఇంకో మాట ఉంది. "దీర్ఘాఘ్రాతాన్ అఘౌఘైః". పాపాల మూకలు చాలాకాలంగా పట్టి పీడించినవాళ్లు. తన ఒళ్లే కదా, తన గొంతే కదా. అయినా కారణం వెతికే చోటికి వచ్చేసరికి ఊరు నేర్పిన మాటే కవి నోటికి వచ్చింది. ఆ ఐతిహ్యంలోనూ మయూరుడికి కుష్ఠు ఒకరి శాపం వల్లనే వస్తుంది. కోణార్క కథలో కృష్ణుడి కొడుకు సాంబుడికీ తండ్రి శాపం వల్లనే. మన కథల్లో కుష్ఠు ఉత్తినే రాదు, ఎవరో పంపాలి. రోగికి రెండు బాధలు. ఒకటి ఒంటిది. రెండోది, నేనేం పాపం చేశానని తనను తాను తవ్వుకోవడం. అత్త నాలుగేళ్లు ఆ తవ్వకంలోనే ఉన్నదట. చిన్నప్పుడు పామును చంపడం, బావిలో ఉమ్మడం, అమ్మకు ఎదురు చెప్పడం, అన్నీ లెక్కపెట్టుకుందట.

కవులకు క్షయ మీద మాత్రం వేరే చూపు ఉంది. కుష్ఠు క్రిమిని 1873లో హాన్సెన్, క్షయ క్రిమిని 1882లో కాక్ కనిపెట్టారు. రెండూ ఒకే జాతి క్రిములు, అన్నదమ్ముల వంటివి. ఒకటి వస్తే సినిమాలో నాయకుడు దగ్గుతూ పాట పాడతాడు. ఇంకొకటి వస్తే గుడి మెట్ల మీద నీడలా కనిపించి మాయమవుతాడు. క్షయకు దక్కిన ఈ అందం కూడా అబద్ధమే. మా జిల్లాకు నదికి అవతల, జగిత్యాలవాడు అలిశెట్టి ప్రభాకర్ 1993లో క్షయతో పోయాడు. ఫొటో స్టూడియో పెట్టుకుని, చిన్న చిన్న కవితల్లో పెద్ద గాయాలు చూపించినవాడు. నలభై నిండలేదు. ఆయన మీద రాసినప్పుడు ఆ మరణానికి దీపం, కొవ్వొత్తి అని అలంకారాలు తొడుగుతాం. క్షయకు మందు దొరికే కాలంలో ఒక మంచి కవికి తిండి, గాలి, విశ్రాంతి ఎందుకు దొరకలేదని అడగం. వెలివేత ఒక అబద్ధం, ఆరాధన ఇంకో అబద్ధం. రెండింట్లోనూ మనిషి ఊపిరితిత్తులు కనపడవు.

1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. దాని మీద భారతీయ భాషల్లో ఎంత తక్కువ కవిత్వం ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హిందీ కవి నిరాలా ఆ ఏడాదే భార్యను, ఇంట్లో మరికొందరిని పోగొట్టుకున్నాడు. ఆయన గొంతు పెగలడానికి ఏళ్లు పట్టింది. 1935లో కూతురు కూడా పోయాక రాసిన స్మృతికావ్యంలో తాను ఏ కొరగాని తండ్రినని ఒప్పుకున్నాడు. డబ్బు సంపాదించలేకపోవడం, చుట్టాల చూపులు, పెళ్లి ఖర్చు, అన్నీ ఉన్నాయి. దుఃఖానికి రాక్షసి దొరకలేదు కాబట్టి అది నిజమైన కవిత అయింది.

కరోనా వచ్చినప్పుడు మనకు రాక్షసి వెంటనే దొరికింది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో నా ఫోనుకు రోజుకు పది కవితలు వచ్చేవి. కరోనా రక్కసి, తరిమికొడదాం, చప్పట్లు కొడదాం. రాసినవాళ్లలో నా స్నేహితులు ఉన్నారు. వాళ్ల భయం నిజమే. కానీ రోగం రక్కసి అయితే, దగ్గినవాడు రక్కసి కాపురం ఉన్న ఇల్లు అవుతాడు. అదే నెలలో ఏం జరిగిందో సరిహద్దులో ఉన్నవాళ్లం కళ్లారా చూశాం. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల నుంచి ఏటా వేలమంది ఖమ్మం, వరంగల్ వైపు మిరప కోతలకు వెళ్తారు. పనులు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. పిల్లల్ని ఎత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని, అడవి దారుల్లో నడిచి వచ్చారు. ఏటా ఆ కూలి డబ్బుతోనే పండుగ చేసుకునే ఊళ్లు, ఈసారి ముళ్లకంపలు అడ్డం వేశాయి. తెలంగాణ మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి మూడు రోజులు నడిచిన పన్నెండేళ్ల పిల్ల ఇల్లు చేరబోతూ దారిలోనే చనిపోయింది. ఆ పిల్లను చంపింది ఏ రక్కసి? ఆమెకు కరోనా లేదు.

సామాజిక దూరం అనే మాటను కూడా అప్పుడే మన పత్రికలు ఏమాత్రం తడుముకోకుండా రాసేశాయి. మనకు ఆ మాట కొత్తా? బావి దగ్గర ఎంత దూరం, గుడి దగ్గర ఎంత దూరం, నెలసరి నాడు ఎంత దూరం, లెక్కలన్నీ మన ఇళ్లలో ముందే ఉన్నాయి. తరువాత భౌతిక దూరం అని దిద్దుకున్నారు. మంచిదే. కానీ మొదటి మాటే నోళ్లలో నిలిచింది. కరోనా వచ్చిన ఇళ్ల తలుపుల మీద కాగితాలు అంటించారు. మా వీధిలో ఒక ఇంటికి అంటించిన కాగితం, ఆ ఇంటివాళ్లు కోలుకుని నెల తిరిగినా ఎవరూ పీకలేదు. అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలా అంటించకూడదని సుప్రీంకోర్టు డిసెంబరులో చెప్పవలసి వచ్చింది.

2021 మేలో మా ఇంటికీ వచ్చింది. నాకూ, మా ఆయనకూ. పక్కింటివాళ్లు పన్నెండు రోజులు అన్నం పంపారు. మూడో రోజు వరోరా నుంచి అత్త ఫోను చేసింది. జ్వరం ఎంత ఉందని అడగలేదు.

"అన్నం ఎవరు పెడుతున్నారు?"

"పక్కింటి వదిన."

"గిన్నె ఎక్కడ పెట్టారు?"

గేటు దగ్గర గట్టు మీద అన్నాను.

"మూత ఉందా?"

ఉంది.

"పెట్టి వెళ్లిపోయిందా, నువ్వు తీసుకునే దాకా నిలబడిందా?"

నేను తలుపు తీసి, గిన్నె అందుకుని, బాగుందా వదినా అని అడిగే దాకా ఆమె రోడ్డుకు అవతల నిలబడే ఉండేది. ఆ మాట చెప్పాను. "నిలబడిందంటే మంచి మనిషి" అన్నది అత్త. "దూరం ఉండాల్సిందే బిడ్డా, ఇది ఊపిరితో అంటుకునే జబ్బు. నా జబ్బు అట్లాంటిది కాదు. అయినా నాకు పెట్టినవాళ్లు నిలబడలేదు."

ఆమె అడిగిన నాలుగు ప్రశ్నలు నాకు కవిత్వం గురించి తెలిసిన చాలా సంగతుల్ని తలకిందులు చేశాయి. వెలివేతను ఆమె కొలతలతో గుర్తుపెట్టుకుంది. గడప, అరుగు, గేటు, వీధి మలుపు. మూత, గరిటె, కంచం. చూపు ఎటు ఉంది, కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయి. ఇవేవీ నా 1998 కవితలో లేవు. ఉండటానికి నాకు తెలియదు కాబట్టి లేవు. తెలుసుకోకుండా రాయగలిగాను అనేదే తప్పు.

కొందరు మిత్రులు దీనికి అభ్యంతరం చెబుతారు. ఉపమానం కవి హక్కు, కవిత్వాన్ని వైద్యశాస్త్రంతో తూచకూడదు, ఇలా ఒక్కో మాట తీసేస్తూ పోతే చివరికి ఏమీ మిగలదు అని. నేనేమీ నిషేధం కోరడం లేదు. ఉపమానం సరిపోలేదని అంటున్నాను. కుళ్లు అని చెప్పాలంటే కుళ్లు అనే మాట ఉంది. కుష్ఠు కుళ్లు కాదు. నరాలను పట్టే జబ్బు, స్పర్శను తీసేస్తుంది. ఉపమేయం గురించీ ఉపమానం గురించీ తెలిసి పోల్చేవాడు కవి. ఒకటే తెలిసి పోల్చితే అది తిట్టు. స్పర్శ పోయింది రోగికి కాదు, సమాజానికి అని ఒకసారి నేనే రాసుకుని కొట్టేశాను. వినడానికి బాగుంది. కానీ అప్పుడు కూడా చెడును చూపడానికి అత్త చేతినే వాడుకున్నాను.

తెలుగులో అంటు అనే మాట ఉంది. అంటురోగం, అంటరానితనం, మైల అంటు, అంట్లగిన్నెలు అన్నీ దాని సంతానమే. తోటమాలి మామిడికి అంటు కట్టడమూ అదే మాట. ఒక కొమ్మ గాయాన్ని ఇంకో కొమ్మ గాయానికి చేర్చి గుడ్డ చుడతాడు. మన భాషలోనే ఈ రెండో అర్థం పడి ఉండగా, మొదటి దాన్నే ఎందుకు పట్టుకుని వేలాడాం?

ఈ నేల మీద వేరేగా నడిచిన కవులు ఉన్నారు. 1854లోనే కవితా సంపుటి వేసిన సావిత్రిబాయి ఫులే 1897లో పుణే ప్లేగు రోజుల్లో రోగులకు సేవ చేసింది. ముంఢ్వా దగ్గర జబ్బు పడిన ఒక దళిత బాలుణ్ణి వీపున వేసుకుని ఆసుపత్రికి మోసుకొచ్చింది. ఆమెకూ ప్లేగు సోకి మార్చి 10న కన్నుమూసింది. ఆ బాలుడు బతికాడంటారు. వరోరాలో వకీలుగా ఉన్న మురళీధర్ ఆమ్టే, అందరూ బాబా ఆమ్టే అంటారు, వానలో మురికికాలువ పక్కన పడి ఉన్న తులసీరామ్ అనే కుష్ఠురోగిని చూసి భయంతో పారిపోయాడు. ఆ పారిపోవడాన్ని ఆయన జీవితాంతం దాచలేదు. తిరిగి వెళ్లి అతని మీద కప్పు కట్టాడు, చనిపోయే దాకా చూసుకున్నాడు. 1949లో ఆనందవనానికి పునాది వేశాడు. ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, జేబులో పద్నాలుగు రూపాయలు. మరాఠీలో ఆయన కవి కూడా. ఆయన కవిత్వంలో నాకు నచ్చేవి నిప్పులు చెరిగే పాదాలు కావు. భయపడ్డానని చెప్పుకున్న ఆ ఒక్క నిజం మీద మిగతా కవిత్వమంతా నిలబడింది.

అత్త ఆయనను దగ్గర నుంచి చూసింది. ఆయన గొప్పతనం గురించి అడిగితే ఒక్కటే చెప్పేది. చేతులు సరిగ్గా లేనివాళ్లకు మగ్గం చూపించి, ఇది నడపగలవా అని అడిగేవాడట. తెలుగు నేతపని ఎరిగిన అత్త, తన వంకర వేళ్లతో నాడె ఎలా విసరాలో వారంలో కనిపెట్టిందట. తాతకు చేతకాక వదిలేసిన మగ్గం, ఊరు వెళ్లగొట్టిన కూతురికి అన్నం పెట్టింది.

రెండేళ్ల క్రితం మళ్లీ ఉగాదికి చదవమన్నారు. ఈసారి కొలతల మీద రాశాను. గడప నుంచి అరుగుకు ఎన్ని అడుగులు, అరుగు నుంచి కొట్టానికి ఎన్ని. పెరట్లో ఒక కంచం. పైనుంచి వంచిన పప్పు. కంచానికి తగలని గరిటె. అందులో ఎవరినీ తిట్టలేదు, దేనితోనూ పోల్చలేదు. చదవడానికి ముందు వరోరా వెళ్లి అత్తకు వినిపించాను. ఆమెకు డెబ్బై దాటాయి. మగ్గం గది బయట నులక మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు.

"గరిటె తగలలేదని రాశావు" అన్నది చివరికి. "ఒకసారి తగిలింది. నాకు ఆకలి ఎక్కువై కంచం పైకి ఎత్తాను. మీ నాయనమ్మ ఆ గరిటెను బొగ్గుల్లో పెట్టి ఎర్రగా కాల్చింది. కాలుస్తూ ఏడ్చింది. ఆమె ఏడ్చిందని కూడా రాయి."

కాగితం అక్కడే మంచం మీద పెట్టుకుని దిద్దాను.